రామగుండం 44, విశాఖ 34: రెండు ఊళ్ల ఎండను పోల్చడం ఎలా

పేపర్లో వచ్చే గరిష్ఠ ఉష్ణోగ్రతల పట్టిక చూస్తే ఏ ఊళ్లో గాలి ఎక్కువ వేడెక్కిందో తెలుస్తుంది. ఏ ఊళ్లో ఒళ్లు ఎక్కువ ఇబ్బంది పడుతుందో దాన్నిబట్టి చెప్పలేం. రామగుండంలో 44 డిగ్రీల రోజున చెట్టు నీడలో తడి తువ్వాలు కప్పుకుని కూర్చుంటే పది నిమిషాల్లో ఊరట దొరుకుతుంది. విశాఖలో 34 డిగ్రీల రోజున అదే తువ్వాలు కప్పుకుంటే అది ఆరదు, ఒళ్లు చల్లబడదు, చిరాకు మాత్రం పెరుగుతుంది. అలాగని రామగుండం ఎండ తేలికైందనుకుంటే పొరపాటే. రెండూ రెండు రకాల ప్రమాదాలు. వాటికి వేర్వేరు కొలతలు, వేర్వేరు జాగ్రత్తలు కావాలి.

బదిలీ మీద ఊరు మారేవాళ్లు, కూలర్ కొనాలా ఏసీ కొనాలా అని తేల్చుకోలేనివాళ్లు, ఆరుబయట కూలీలతో పని చేయించేవాళ్లు చూడాల్సిన అంకెలు నాలుగు. మధ్యాహ్నం నీడలో గాలి వేడి, అదే వేళ గాలిలో ఉన్న నీటి ఆవిరి, రాత్రి కనిష్ఠం, చుట్టూ ఉన్న గోడలూ స్లాబూ కాలుతున్న తీరు. మొదటిది అందరూ చూస్తారు. మిగతా మూడింటి గురించే ఇక్కడ ఎక్కువగా చెప్పుకుందాం.

తేమను శాతంలో పోల్చకండి

పోలికల్లో జరిగే తప్పుల్లో సగం ఇక్కడే జరుగుతాయి. తేమ శాతం అంటే గాలిలో ఎంత ఆవిరి ఉందన్న లెక్క కాదు, ఆ వేడి దగ్గర గాలి పట్టగలిగినదాంట్లో ఎంత వంతు ఉందన్న లెక్క. గాలి వేడెక్కేకొద్దీ పట్టగలిగేది పెరుగుతుంది కాబట్టి, ఆవిరి ఏమాత్రం మారకపోయినా శాతం పడిపోతుంది. హైదరాబాద్‌లో ఉదయం 8:30కి 30 డిగ్రీల దగ్గర 45 శాతం ఉన్న గాలే మధ్యాహ్నం 40 డిగ్రీలకు చేరేసరికి 26 శాతం చూపిస్తుంది. వాతావరణ శాఖ పరిశీలనలు ఉదయం 8:30కి, సాయంత్రం 5:30కి వస్తాయి. పొద్దుటి తేమ శాతాన్ని మధ్యాహ్నపు గరిష్ఠంతో కలిపి హీట్ ఇండెక్స్ (వేడి, తేమ కలిసి ఒంటికి ఎంత వేడిగా తెలుస్తుందో చెప్పే అంకె) వేస్తే 50 పైన భయంకరమైన అంకె వస్తుంది. అలాంటి గాలి ఆ ఊళ్లో ఏ వేళా లేదు. వేడి, తేమ రెండూ ఒకే గంటవి అయితేనే కలపాలి.

ఊరికీ ఊరికీ పోల్చడానికి డ్యూ పాయింట్ మేలు. గాలిని చల్లార్చుకుంటూ పోతే ఏ ఉష్ణోగ్రత దగ్గర నీటి చుక్కలు పట్టడం మొదలవుతుందో అదే డ్యూ పాయింట్. గాలిలో ఆవిరి ఎంతో ఇది నేరుగా చెబుతుంది, పొద్దున్నుంచి మధ్యాహ్నానికి పెద్దగా మారదు. 16 లోపు ఉంటే పొడిగాలి. 20 దాటితే ఒళ్లు జిగటగా అనిపిస్తుంది. 24 దాటితే ఉక్కపోత, 26 దాటితే ఫ్యాన్ కింద కూర్చున్నా చొక్కా ఆరదు. మే నెలలో మన తీరం వెంబడి ఊళ్లు చాలా రోజులు 25 నుంచి 28 మధ్య ఉంటాయి. ఉత్తర తెలంగాణ, రాయలసీమ మధ్యాహ్నాల్లో 10 నుంచి 18 మధ్య కనిపిస్తుంది. ఫోన్లోని చాలా వాతావరణ యాప్‌లలో కాస్త కిందికి జరిపితే ఈ అంకె ఉంటుంది.

యాప్ లేకుండా కూడా చూడొచ్చు. పలుచటి స్టీలు గ్లాసును పొడిగా తుడిచి, సగానికి మామూలు నీళ్లు పోసి, అందులో థర్మామీటరు పెట్టండి. చిన్న ఐసు ముక్కలు ఒక్కొక్కటే వేస్తూ కలపండి. గ్లాసు బయటివైపు మెరుపు తగ్గి మసకబారిన క్షణంలో నీళ్ల ఉష్ణోగ్రత ఎంత ఉందో అదే డ్యూ పాయింట్. ఐసు ఒకేసారి గుమ్మరిస్తే ఆ క్షణం దాటిపోయి అంకె తక్కువగా వస్తుంది. గ్లాసు మీదకి ఊపిరి తగిలితే ముందే మసకబారి ఎక్కువగా వస్తుంది. ఉత్తర తెలంగాణ పొడి మధ్యాహ్నంలో నీళ్లు 12 డిగ్రీలకు దిగేదాకా చెమ్మ పట్టదు. విశాఖలో 27, 28 దగ్గరే పట్టేస్తుంది.

రెండు థర్మామీటర్ల పద్ధతి

బజారులో దొరికే చిన్న డిజిటల్ తేమ మీటర్లు మూడు నుంచి ఐదు శాతం అటూ ఇటూ చూపిస్తాయి. తేమ 20 శాతం కంటే తక్కువున్న చోట మరీ నమ్మలేం. కొన్నాక ఒకసారి ఉప్పుతో పరీక్షించండి. సీసా మూతలో మామూలు ఉప్పు వేసి, తడి ఇసుకలా అయ్యేటన్ని చుక్కల నీళ్లే వేయండి. ఉప్పు పూర్తిగా కరగకూడదు. మూతనూ మీటరునూ గాలి చొరబడని డబ్బాలో పెట్టి రాత్రంతా నీడలో ఉంచండి. తెల్లారి మీటరు 75 చూపించాలి. 70 చూపిస్తే ప్రతి రీడింగుకూ 5 కలుపుకోవాలి.

దీనికంటే గట్టి పద్ధతి పాతకాలందే. ఒకే రకం గాజు థర్మామీటర్లు రెండు తీసుకోండి. ఒళ్లు కాలితే చూసేవి కాదు, 0 నుంచి 50 లేదా 100 డిగ్రీల దాకా ఉండేవి, ల్యాబ్ సామాన్ల దుకాణంలో దొరుకుతాయి. రెండింటినీ ఒకే చెంబు నీళ్లలో ఐదు నిమిషాలు ఉంచి, తేడా ఉంటే రాసుకోండి. తర్వాత ఒకదాని బుడ్డికి పాత మల్లు గుడ్డ ఒక్క పొర చుట్టి, దారంతో కట్టి, కొసను చిన్న సీసా నీళ్లలో వేలాడదీయండి. గుడ్డ కొత్తదైతే ముందు సబ్బుతో ఉతికి బాగా జాడించాలి. గంజి ఉంటే నీరు పైకి ఎక్కదు. ఫిల్టరు నీళ్లు లేదా బ్యాటరీలో పోసే నీళ్లు వాడాలి. బోరు నీళ్లయితే వారంలో సున్నం పేరుకుని గుడ్డ గట్టిపడుతుంది, రీడింగు పైకి జరిగిపోతుంది.

రెండింటినీ నీడలో, నేలకు నాలుగడుగుల ఎత్తున పెట్టి, ఒక మీటరు దూరం నుంచి టేబుల్ ఫ్యాన్ జోరుగా తిప్పండి. ఐదారు నిమిషాల తర్వాత తడిగుడ్డ ఉన్నదాని అంకె దిగడం ఆగిపోతుంది. అదే తడి రీడింగు. గాలి చాలకపోతే అంకె పూర్తిగా దిగదు, ఊరు ఉన్నదానికంటే ఉక్కగా కనిపిస్తుంది. ఎక్కువమంది చేసే తప్పు ఇదే. గోడకు ఆనించడం, డాబా పిట్టగోడ మీద పెట్టడం, పెంకుల వసారా కింద తలెత్తున వేలాడదీయడం కూడా రీడింగును చెడగొడతాయి. వాతావరణ శాఖ వాళ్లు థర్మామీటర్లను తెల్లరంగు వేసిన రెక్కల చెక్కపెట్టెలో, తలుపు ఉత్తరం వైపు ఉండేలా పెట్టేది ఎండ వాటి మీద నేరుగా పడకూడదనే. కూడలిలో బోర్డు, కారు డ్యాష్‌బోర్డు చూపించే అంకెలు తారు రోడ్డు వేడిని కూడా కలుపుకుంటాయి, పోలికకు పనికిరావు.

డ్యూ పాయింట్ కావాలంటే చిన్న లెక్క. కింది అంకెలు ఆవిరి పీడనం, అంటే ఆ వేడి దగ్గర గాలి పట్టగలిగినంత ఆవిరి వేసే ఒత్తిడి, హెక్టోపాస్కల్‌లలో: 10 డిగ్రీలకు 12.3, 12కి 14.0, 14కి 16.0, 16కి 18.2, 18కి 20.6, 20కి 23.4, 22కి 26.4, 24కి 29.8, 26కి 33.6, 28కి 37.8, 30కి 42.4. తడి రీడింగుకు ఎదురుగా ఉన్న అంకెలోంచి, రెండు థర్మామీటర్ల తేడాను 0.66తో గుణించి తీసేయండి. హైదరాబాద్ లాంటి ఎత్తు మీది ఊళ్లకు 0.62తో గుణించాలి. ఉదాహరణకు హైదరాబాద్‌లో పొడిది 40, తడిది 24. తేడా 16. 16ను 0.62తో గుణిస్తే 9.9. 29.8లోంచి అది తీస్తే 19.9. పట్టికలో 19.9 ఎక్కడుందో చూస్తే 16కూ 18కీ మధ్య, 17.4 దగ్గర. అదే డ్యూ పాయింట్.

ఒకే పట్టికలో నాలుగు ఊళ్లు

కిందివి ఫలానా తేదీ రికార్డులు కావు. ఆయా ఊళ్ల మే మధ్యాహ్నాలకు తగిన నమూనా అంకెలు తీసుకుని లెక్క కట్టినవి.

| ఊరు | గాలి వేడి | తేమ శాతం | డ్యూ పాయింట్ | తడి రీడింగు | హీట్ ఇండెక్స్ |
|---|---|---|---|---|---|
| విశాఖపట్నం | 34 | 70 | 28 | 29 | 47 |
| విజయవాడ | 42 | 35 | 23 | 28 | 50 |
| హైదరాబాద్ | 40 | 25 | 16 | 23.5 | 41 |
| రామగుండం | 44 | 15 | 12 | 23 | 43 |

గాలి వేడి చూస్తే రామగుండం మొదటిది. హీట్ ఇండెక్స్ చూస్తే విజయవాడ. తడి రీడింగు చూస్తే విశాఖ. మూడు కొలతలు, మూడు విజేతలు. అందుకే ‘ఏ ఊళ్లో ఎండెక్కువ’ అన్న వాదన టీకొట్టు దగ్గర ఎప్పటికీ తెగదు.

మరి ఏది చూడాలి? ఎవరి గురించి అడుగుతున్నారన్నదాన్నిబట్టి ఉంటుంది. చర్మం వేడి సుమారు 35 డిగ్రీలు. గాలి అంతకంటే చల్లగా ఉంటే ఒంట్లో వేడి కొంత నేరుగా గాలిలోకి పోతుంది. అంతకంటే వేడిగా ఉంటే గాలే ఒంటిని కాలుస్తుంది, చెమట ఒక్కటే దారి. తడిసిన చర్మం దగ్గర ఆవిరి పీడనం సుమారు 56. విశాఖ గాలిలో ఇప్పటికే 37 ఉంది, చెమట ఆరడానికి మిగిలిన జాగా 19. విజయవాడలో 27. రామగుండంలో 42, అంటే విశాఖకు రెట్టింపు పైనే. లీటరు చెమట పూర్తిగా ఆరితే సుమారు 580 కిలో క్యాలరీల వేడి ఒంటిని వదులుతుంది. ఆరకుండా కారిపోతే నీరూ ఉప్పూ పోవడం తప్ప లాభం లేదు.

కాబట్టి మూటలు మోసేవాళ్లకు, పరుగెత్తేవాళ్లకు, వంటగదిలో ఉండేవాళ్లకు తడి రీడింగే ముఖ్యం. అది 28 దాటితే బరువు పని తగ్గించాలి. కుర్రవాళ్ల మీద చేసిన ప్రయోగాల్లో సైతం తడి రీడింగు 31 దగ్గరికి వచ్చేసరికి ఒంటి వేడి అదుపు తప్పడం కనిపించింది. ముసలివాళ్లు, మంచం మీద ఉన్నవాళ్లు, చెమటను తగ్గించే మందులు వాడేవాళ్ల విషయంలో మాత్రం గాలి వేడిని చూడాలి. వాళ్లకు చెమట పట్టడమే తక్కువ. పొడిగాలి ఇచ్చే సదుపాయం వాళ్లు వాడుకోలేరు, 44 డిగ్రీల గాలి మాత్రం వాళ్లను పూర్తిగా కాలుస్తుంది. 2015 మే నెలలో దేశంలో వడదెబ్బ మరణాల్లో ఎక్కువ భాగం మన రెండు రాష్ట్రాల్లోనే నమోదయ్యాయి. పొడివేడి తేలికనుకునేవాళ్లకు ఆ ఏడాది చాలు.

హీట్ ఇండెక్స్ నీడలో, కాస్త గాలి ఆడేచోట, మామూలుగా నడిచే మనిషికి వేసిన లెక్క. నేరుగా ఎండలో ఉంటే 8 డిగ్రీల దాకా కలుపుకోవచ్చు. యాప్‌లలో ‘ఫీల్స్ లైక్’ అంకె ఒక్కో కంపెనీ ఒక్కో సూత్రంతో వేస్తుంది కాబట్టి రెండు ఊళ్లను ఒకే యాప్‌లో పోల్చండి. మండలాల స్టేషన్ల అంకెలకూ అదే నియమం. ఆంధ్రప్రదేశ్ విపత్తు నిర్వహణ సంస్థ, తెలంగాణ అభివృద్ధి ప్రణాళికా సొసైటీ ఆటోమేటిక్ స్టేషన్లు చూపించే గరిష్ఠం పక్కనే ఉన్న వాతావరణ శాఖ కేంద్రం గరిష్ఠం కంటే ఒకటి రెండు డిగ్రీలు వేరుగా ఉండొచ్చు. ఒక ఊరికి ఇక్కడినుంచీ ఇంకో ఊరికి అక్కడినుంచీ తీసుకోకూడదు.

వడగాడ్పు హెచ్చరిక కూడా ఊరిని బట్టే. మైదానంలో గరిష్ఠం 40, తీరంలో 37, కొండల్లో 30 దాటి, మామూలు కంటే 4.5 డిగ్రీలు పెరిగితే వడగాడ్పు అంటారు. మైదానాల్లో 45 దాటితే మామూలుతో పోల్చకుండానే ప్రకటిస్తారు. ఈ లెక్కలో విశాఖ 34 ఎప్పటికీ వడగాడ్పు కాదు. హెచ్చరిక రాలేదని అక్కడ మధ్యాహ్నం ఫుట్‌బాల్ పోటీ పెట్టకండి.

తీరంలో గాలి దిక్కే రోజును తేలుస్తుంది

నెల్లూరు, ఒంగోలు, మచిలీపట్నం, కాకినాడ లాంటి ఊళ్లలో ఒకే వారంలో 35, 43 రెండూ వస్తాయి. భూమి వేడెక్కాక, పదకొండు పన్నెండు గంటల వేళ సముద్రం మీదినుంచి చల్లగాలి లోపలికి వస్తుంది. వచ్చిన వెంటనే వేడి మూడు నాలుగు డిగ్రీలు పడిపోతుంది, డ్యూ పాయింట్ పెరుగుతుంది. పడమటి గాలి బలంగా ఉన్న రోజున సముద్రపు గాలి అసలు రాదు, లేదా సాయంత్రం నాలుగింటికి గానీ రాదు. ఆ రోజు తీరపు ఊరు కూడా పొడివేడి ఊరైపోతుంది. బంగాళాఖాతంలో తుపాను ఒడిశా, బెంగాల్ వైపు వెళ్లిపోయాక ఇది తరచూ జరుగుతుంది. తుపాను తనవైపు గాలిని లాక్కుంటుంటే మన మీదుగా పడమటి పొడిగాలి వీస్తుంది. 2020 మే 20న ఆంఫన్ తీరం దాటాక వడగాడ్పులు మొదలైంది అలాగే.

తీరంలో ఉండేవాళ్లు పొద్దున పది గంటలకు ఒక తడి రుమాలు దండెం మీద ఎగరనిస్తే చాలు. పడమటినుంచి వీస్తూ రుమాలు పది నిమిషాల్లో ఆరిపోతుంటే ఆ రోజు కిటికీలు మూసెయ్యండి. తూర్పు, ఆగ్నేయంనుంచి వీస్తుంటే తెరవండి. రోజంతా తెరిచి ఉంచడం, రోజంతా మూసి ఉంచడం రెండూ అక్కడ తప్పే.

విజయవాడ, రాజమండ్రి లాంటి డెల్టా ఊళ్లది నడిమి అవస్థ. వేడి లోపలి ఊళ్లది, తేమ తీరానిది. ఇక్కడ మే కంటే రుతుపవనాలు ఆలస్యమైన జూన్ మొదటి పక్షం హీనంగా ఉంటుంది. వాన రాదు, తేమ మాత్రం ముందే వచ్చేస్తుంది, వేడి 40 దగ్గరే ఉంటుంది. రోహిణి కార్తెలో రోళ్లు పగిలేది ఎండకైతే, డెల్టాలో మనుషులు కుదేలయ్యేది ఆ తర్వాత వచ్చే ఉబ్బరానికి.

ఎత్తు లెక్క సులువు. కిలోమీటరు ఎత్తుకు ఆరున్నర డిగ్రీలు తగ్గుతుందనుకోండి. మదనపల్లె సుమారు 700 మీటర్లు, హార్స్‌లీ హిల్స్ 1,265 మీటర్లు. తేడా నాలుగు డిగ్రీల దాకా. మదనపల్లెలో 39 ఉంటే పైన 35 ఆశించండి, 25 కాదు.

రాత్రి, స్లాబు

రాత్రి ఒళ్లు కోలుకోకపోతే మర్నాటి ఎండ రెట్టింపు. అందుకే గరిష్ఠం పక్కనే కనిష్ఠం చూడాలి. పొడి ఊళ్లలో పగటికీ రాత్రికీ 14 నుంచి 16 డిగ్రీల తేడా ఉంటుంది. తీరంలో ఆరేడే. గాలిలో ఆవిరి తక్కువుంటే నేల వేడి ఆకాశంలోకి తేలిగ్గా పోతుంది. ఆవిరి ఎక్కువుంటే అది వేడిని తిప్పి పంపుతుంది. రామగుండం, అనంతపురం వైపు సూర్యాస్తమయం అయ్యాక డాబా మీద నీళ్లు చల్లి పది గంటలకు పడుకుంటే హాయిగా ఉండటానికి, కాకినాడలో అదే డాబా తెల్లవారుజాము దాకా జిడ్డుగా ఉండటానికి కారణం ఇదే.

పై అంతస్తు ఇల్లైతే గాలి థర్మామీటరు అబద్ధం చెబుతుంది. నాలుగైదు అంగుళాల స్లాబు మధ్యాహ్నం మింగిన ఎండను మూడు నాలుగు గంటల తర్వాత గదిలోకి వదులుతుంది. అందుకే సాయంత్రం ఐదారు గంటలకు సీలింగు బాగా వేడిగా ఉంటుంది. తుపాకీలా ఉండే ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరుతో సీలింగు, నాలుగు గోడలు, నేల చూసి సగటు తీయండి. ఆ సగటునూ గాలి వేడినీ కలిపి రెండుతో భాగించండి. గాలి 35, చుట్టూ సగటు 41 అయితే ఒంటికి తెలిసేది 38. ఆ తుపాకీని మెరిసే స్టీలు, అల్యూమినియం మీద పెడితే తప్పుడు అంకె వస్తుంది, నల్ల టేపు ముక్క అంటించి దాని మీద చూడాలి. రెండు ఇళ్లను పోల్చేటప్పుడు సాయంత్రం ఆరింటికి పోల్చండి. అద్దె ఇంటిని పొద్దున పదింటికి చూసి చల్లగా ఉందనుకుని అడ్వాన్సు ఇవ్వడం చాలామంది చేసే పని. స్లాబు మీద తెల్లని కూల్ రూఫ్ పూత వేస్తే రెండు రకాల ఊళ్లలోనూ లాభమే. తెలంగాణ 2023లో దీనికి ప్రత్యేక విధానమే తెచ్చింది.

కూలర్, ఫ్యాన్, ఏసీ

కూలర్ కొనే ముందు పొడి, తడి థర్మామీటర్ల తేడా చూస్తే చాలు. మంచి కూలర్ ఆ తేడాలో ముప్పావు వంతు దించుతుంది. రామగుండంలో తేడా 21, కాబట్టి 44 గాలి 28గా వస్తుంది. హైదరాబాద్‌లో 40 గాలి 27 నుంచి 28 మధ్య. విజయవాడలో 42 గాలి 31.5కు దిగుతుంది, పర్వాలేదు, కానీ చిత్తడి. విశాఖలో 34 గాలి 30 దాటి, 90 శాతం తేమతో వస్తుంది. అది చల్లదనం కాదు, ఆవిరి పట్టడం. తేడా 12 పైన ఉంటే కూలర్ కొనండి. 6 లోపు ఉంటే ఆ డబ్బు ఏసీకి దాచుకోండి. మధ్యలో ఉంటే పగలు కూలర్, రాత్రి ఫ్యాన్.

ఇంట్లో మట్టికుండ ఉంటే ఈ లెక్క ఇంకా సులువు. గాలి ఆడే నీడలో పెట్టిన కుండ నీళ్లు తడి రీడింగుకు రెండు మూడు డిగ్రీల పైన నిలుస్తాయి. కుండలో నీళ్లు బాగా చల్లబడే ఊళ్లోనే కూలర్ బాగా పనిచేస్తుంది.

కూలర్ పెట్టినా గది చల్లబడటం లేదంటే చాలాసార్లు తప్పు కిటికీది. తడిగాలి బయటికి పోవాలి. కూలర్‌ను కిటికీలో, బయటి గాలి లాగేలా పెట్టి, ఎదురువైపు తలుపో కిటికీనో గంటకు వెయ్యి ఘనపు మీటర్ల గాలికి ఒక చదరపు అడుగు చొప్పున తెరిచి ఉంచాలి. 12 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు, 10 అడుగుల ఎత్తు గదికి గంటకు వెయ్యి ఘనపు మీటర్లు సరిపోతాయి. 15 డిగ్రీలు దించడానికి ఆ గాలికి గంటకు ఏడు లీటర్ల నీళ్లు కావాలి. చిన్న ట్యాంకు కూలర్లు అర్ధరాత్రి ఎండిపోయేది అందుకే. బోరు నీళ్లలో ఉన్న సున్నం ప్యాడ్ మీద మిగిలిపోతుంది కాబట్టి రెండు మూడు రోజులకోసారి ట్యాంకు పూర్తిగా ఖాళీ చేయాలి. పైనుంచి నింపుకుంటూ పోతే నీళ్లు చిక్కబడి ప్యాడ్ బిగుసుకుంటుంది.

ఫ్యాన్ 35 లోపు ఎప్పుడైనా మంచిదే. 35 నుంచి 40 మధ్య చర్మం తడిగా ఉంటేనే మంచిది. 40 దాటిన పొడిగాలిలో ఒట్టి ఫ్యాన్ ఒంటికి వేడి చేరవేస్తుంది. తడి బట్ట కప్పుకున్నాకే వేసుకోవాలి, ముసలివాళ్లకు మరీను.

ఏసీ సామర్థ్యాన్ని మామూలుగా బయట 35 డిగ్రీలున్నప్పుడు కొలిచి రాస్తారు. 44 దగ్గర అది తగ్గుతుంది. కాబట్టి రామగుండంలో పై అంతస్తు గదికి ఒక మెట్టు పెద్దది తీసుకోవడంలో అర్థం ఉంది. విశాఖలో ఆ పని చేయకూడదు. మరీ పెద్ద ఏసీ గాలిని చప్పున చల్లార్చి ఆగిపోతుంది, తేమ లాగే సమయం దొరకదు, గది చల్లగా తడిగా ఉంటుంది. తీరంలో ఏసీ సరిగా పనిచేస్తోందో లేదో చూడాలంటే డ్రెయిన్ గొట్టం కింద సీసా పెట్టండి. టన్నున్నర ఏసీ ఉక్క రోజున గంటకు లీటరు నుంచి రెండు లీటర్లు రాల్చాలి. 26, 27 దగ్గర పెట్టి పైన ఫ్యాన్ వేస్తే చాలు. ఆ గదిలో తడి బట్టలు ఆరేయడం, నేల తడిగుడ్డతో తుడవడం మానండి, ఆ నీళ్లన్నీ మళ్లీ ఏసీయే లాగాలి.

ఆరుబయట పని

ఎండలో పనికి వాడే కొలత డబ్ల్యూబీజీటీ (వెట్ బల్బ్ గ్లోబ్ టెంపరేచర్). ఫ్యాన్ లేకుండా అక్కడే ఉంచిన తడి థర్మామీటరు రీడింగులో 70 శాతం, నల్లరంగు గోళంలో పెట్టిన థర్మామీటరు రీడింగులో 20 శాతం, గాలి వేడిలో 10 శాతం కలపాలి. విశాఖ ఎండలో తడిది 30, గోళం 45, గాలి 34 అయితే 33.4 వస్తుంది. రామగుండంలో 25, 57, 44 అయితే 33.3. ఎండలో నిలబెడితే రెండు ఊళ్లూ సమానమే. నీడలోకి వస్తే రామగుండం 29కి దిగుతుంది, విశాఖ 30.5 దగ్గరే ఆగుతుంది. పొడి ఊళ్లలో నీడకున్న విలువ తీరంలో లేదు. కాబట్టి రామగుండంలో ముందు టార్పాలిన్ పందిరి వేయండి. విశాఖలో పని వేళలు మార్చండి, విరామాలు పెంచండి, గాలి ఆడేలా చూడండి.

గల్ఫ్‌లో ఉన్న మనవాళ్లకు ఈ తేడా రోజూ ఎదురయ్యేదే. కువైట్ వేడి ఎక్కువ రోజులు రామగుండం రకం, దుబాయ్, దోహా ఆగస్టు వేడి విశాఖ రకం. ఖతార్ జూన్ 1 నుంచి సెప్టెంబర్ 15 దాకా ఉదయం 10 నుంచి మధ్యాహ్నం 3:30 వరకు బయటి పని ఆపించడమే కాక, డబ్ల్యూబీజీటీ 32.1 దాటితే ఏ వేళైనా ఆపాలంటుంది. పైన లెక్క కట్టిన రెండు ఊళ్లూ ఆ గీత దాటినవే.

ఒక రకం ఎండకు అలవాటుపడ్డ ఒళ్లు రెండో రకానికి సిద్ధంగా ఉండదు. కొత్త చోట అలవాటుకు వారం నుంచి రెండు వారాలు పడుతుంది. కొత్త కూలీకి మొదటి రోజు ఐదో వంతు పనే ఇచ్చి, రోజుకో ఐదో వంతు పెంచాలి. నీళ్ల లెక్కకు దాహాన్ని నమ్మకండి. పొడి ఊళ్లో చెమట పట్టినట్టే తెలియదు, పట్టీ పట్టగానే ఆరిపోతుంది, చొక్కా మీద తెల్లటి ఉప్పు చారలే గుర్తు. పనికి ముందు, తర్వాత బరువు చూస్తే తగ్గిన ప్రతి కిలోకు లీటరు నీరు పోయిందని అర్థం. పెద్ద ఓఆర్‌ఎస్ ప్యాకెట్ లీటరు నీళ్లకు ఒకటి, అర లీటరుకు కాదు. ప్యాకెట్ లేకపోతే లీటరు నీళ్లలో అంచుకు సమానంగా గీసిన ఆరు టీస్పూన్ల పంచదార, అర టీస్పూన్ ఉప్పు. ఉప్పు వేసిన పలుచటి మజ్జిగ రెండు ఊళ్లలోనూ మంచిదే.

మనిషి తికమకగా మాట్లాడుతున్నా, స్పృహ తప్పుతున్నా, ఒళ్లు కాలిపోతున్నా వడదెబ్బే అనుకుని 108కి ఫోన్ చేయండి. చెమట పడుతోంది కదా, వడదెబ్బ కాదులే అనుకోవద్దు, తీరంలో చెమట పడుతూనే వడదెబ్బ తగులుతుంది. అంబులెన్సు వచ్చేలోపు చల్లార్చాలి. పొడి ఊళ్లో ఒళ్లంతా నీళ్లు చల్లుతూ జోరుగా విసరండి, వేడి త్వరగా దిగుతుంది. తీరంలో అలా చేసినా నీళ్లు ఆరవు కాబట్టి చన్నీళ్ల తొట్టిలో మెడ దాకా కూర్చోబెట్టి పట్టుకోవాలి. తొట్టి లేకపోతే చన్నీళ్లు ఆగకుండా పోస్తూ, మెడకు, చంకల్లో, గజ్జల్లో గుడ్డలో చుట్టిన ఐసు పెట్టాలి. స్పృహ సరిగా లేనివాళ్ల నోట్లో ఎక్కడైనా సరే నీళ్లు పోయకూడదు.